పెళ్లికుండకు చిత్రకారుడి పేరొక్కటే చాలదు
గ్రీకు కుండల్ని చిత్రకారుల పేర్లతో గుర్తించడం బ్రిటన్‌లో బలంగా నాటుకున్న పద్ధతి. ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ బీజ్లీ గీత తీరునుబట్టి వేలాది ఏథెన్స్ పాత్రలను ఏ చేయి గీసిందో విడదీసి చెప్పాడు. మహత్తరమైన కృషి అది. కానీ పెళ్లికుండలకు ఆ చూపు చాలదు. పొడవాటి మెడ ఉన్న లూట్రోఫొరోస్ పెళ్లిస్నానానికి నీళ్లు మోసిన పాత్ర. పెళ్లికి ముందు కల్లిర్రోయి ఊటనీళ్లు వాడే ఆచారాన్ని గ్రీకు చరిత్రకారుడు థూసిడిడీస్ ప్రస్తావించాడు. ఏథెన్స్‌లోని అక్రోపోలిస్ కొండ దక్షిణపు వాలులో, నింఫే అనే దేవత గుడి దగ్గర, ఈ కుండల పెంకులు కుప్పలుగా దొరికాయి. పెళ్లికాకుండా పోయినవారి సమాధులపైనా ఇదే ఆకారం నిలిపారు. ఇంత సంతోషాన్నీ, ఇంత దుఃఖాన్నీ మోసిన పాత్రను ఒట్టి బొమ్మల పలకగా చూడటం అన్యాయం. బ్రిటిష్ మ్యూజియంలో గ్రీకు పురాణ వీరుడు పీలియస్, సముద్రదేవత థెటిస్‌ల పెళ్లిని చూపే పాత్రపై క్రీ.పూ. 580 ప్రాంతంలో సోఫిలోస్ సంతకమే చేశాడు కదా అనవచ్చు. ఆ పేరు చెప్పాల్సిందే. అయితే అది వైన్‌లో నీళ్లు కలిపే విందుపాత్ర, దానిపై దేవతలు పెళ్లింటికి బారులు తీరి వస్తున్నారు. ఈ సంగతులు లేకుండా సంతకం ఏం చెబుతుంది? కుమ్మరింటి నుంచి మేళతాళాలతో పెళ్లికి అరివేణి కుండలు తెచ్చుకునే తెలుగువారికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మ్యూజియం చీటీలో మొదటి వాక్యం కుండ చేసిన పనికే దక్కాలి.