పరిశుద్ధుడంటే మచ్చలేనివాడేనా?

తెలుగు బైబిలులో అడుగడుగునా కనిపించే మాట 'పరిశుద్ధ'. పరిశుద్ధాత్మ, పరిశుద్ధ స్థలము, పరిశుద్ధులు. కొత్త నిబంధన గ్రీకు మూలంలో దీని వెనకనున్న మాట చాలావరకు 'హగియోస్'. ఈ రెండు మాటలకూ పొంతన సరిగా కుదరలేదని నా అభిప్రాయం. అనువాదకులను తప్పుపట్టడానికి ఈ మాట అనటం లేదు. ఈ భావానికి మన భాషలో అందుబాటులో ఉన్న శుద్ధం, పవిత్రం, కతోలికులు వాడే పునీతం, ఇవన్నీ కడిగి శుభ్రపరచటమనే అర్థమున్న ధాతువులనుంచి పుట్టినవే. హగియోస్‌లో ముందుగా వినిపించేది కడగటం కాదు. వేరుగా ఉంచటం, ఒకరికి చెందటం.

శుభ్రతకు గ్రీకులో వేరే మాట ఉంది, 'కథరోస్'. కుష్ఠరోగిని యేసు బాగుచేసినప్పుడూ, కొండమీది ప్రసంగంలో హృదయశుద్ధి గలవారిని ధన్యులన్నప్పుడూ వచ్చేది ఈ మాట కుటుంబమే. తెలుగులో అది 'శుద్ధ' అయింది, హగియోస్ 'పరిశుద్ధ' అయింది. తేడా ఒక్క ఉపసర్గ! దానితో చదువరికి హగియోస్ అంటే కథరోస్‌కే పై మెట్టు అనీ, మరికాస్త బాగా ఉతికిన బట్ట అనీ తోస్తుంది. లేవీయకాండము పదో అధ్యాయం మాత్రం యాజకులు రెండు వేరువేరు భేదాలను గుర్తించాలంటుంది. దేవునిదీ మామూలుదీ ఒక జత, శుద్ధమూ అశుద్ధమూ మరొక జత. శుభ్రంగా ఉన్న వస్తువు మామూలు వస్తువే కావచ్చు. మన ఇంటినిండా ఉన్నవి అవే కదా.

క్రీ.పూ. మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా యూదులు తమ ధర్మశాస్త్రాన్ని గ్రీకులోకి తెచ్చుకోవటం మొదలుపెట్టినప్పుడు 'కాదోష్' అనే హీబ్రూ మాటకు సాటి వెదకవలసివచ్చింది. గుళ్ళ విషయంలో గ్రీకులు నిత్యం వాడే మాట 'హియెరోస్'. ప్లేటో రాసిన 'యూథిఫ్రో'లో సోక్రటీసు తర్కించినది 'హోసియోస్'. అనువాదకులు కాదోష్‌కు ఈ రెండూ కాక, అంతగా వాడుకలో లేని హగియోస్‌ను ఎంచుకున్నారు. అన్యదేవతల గుడివాసన అంటని మాట కావాలనుకున్నారని పండితుల ఊహ. కొత్త నిబంధన రచయితలదీ అదే బాట.

ఈ భావాన్ని మన ఊళ్ళలో ఎవరికైనా వివరించాలంటే నేను ముడుపును చూపిస్తాను. పసుపుగుడ్డలో కట్టి దేవుడి పటం దగ్గర ఉంచిన రూపాయి డబ్బాలోని తక్కిన రూపాయలకన్నా శుభ్రమైనదేమీ కాదు. ఎన్ని చేతులు మారి వచ్చిందో! కానీ ఇంట్లో ఉప్పు నిండుకున్నా దాన్ని ముట్టుకోరు. అది ఇక మనది కాదు. హగియోస్ అంటే అంతే. కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో పౌలు అక్కడివారిని ఈ మాటతోనే పిలుస్తాడు. అదే పత్రికలో వాళ్ళ ముఠా తగాదాలూ, ఒకరిమీద ఒకరు వేసుకున్న వ్యాజ్యాలూ, సవతి తల్లిని ఉంచుకున్నవాడి సంగతీ ఏకరువు పెడతాడు. మచ్చలేనివారనే అర్థంలో అయితే ఆ పిలుపు వెక్కిరింత అయ్యేది. దేవుడి పేర అచ్చువేసి వదిలిన ఆంబోతు ఊరి చేలన్నీ మేసినా దేవుడిదే కదా. (ఈ పోలిక కొందరికి నచ్చకపోవచ్చు. కొరింథువారి నడత చదివినవారు క్షమిస్తారనుకుంటాను.)

అయితే నడవడితో పని లేదా అని అడగవచ్చు. ఉంది. దేవుడు హగియోస్ గనుక మీరూ అలాగే ఉండండని పేతురు పత్రిక లేవీయకాండాన్ని గుర్తుచేస్తుంది. ఆ పందొమ్మిదో అధ్యాయం తీసి చూడండి: పొలం అంచులు బీదలకు వదలాలి, కూలివాడి కూలి తెల్లవారేదాకా అట్టేపెట్టుకోరాదు, తూకపురాళ్ళు సరిగా ఉండాలి. స్నానాల ఊసు లేదు. చెందటం ముందు, చెందినవాడు ఎలా బతకాలన్నది తరవాత. క్రమం తలకిందులైతే 'పరిశుద్ధుడు' పరీక్షలో నెగ్గినవాడికిచ్చే బిరుదవుతుంది. నెగ్గలేదనుకున్నవాడు వెనకబల్లమీద తలదించుకు కూర్చుంటాడు, నెగ్గాననుకున్నవాడు వాడివంక చూస్తాడు.

తెలుగునేలమీద ఈ చిక్కు మరింత లోతైనది. శుద్ధి అన్న మాటకు ఇక్కడ మడీ మైలా చుట్టుకుని ఉన్నాయి. మడి ముట్టుకుంటే పోతుంది. మైల ముట్టుకుంటే అంటుతుంది. హగ్గయి ప్రవక్త యాజకులను అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబూ ఇటువంటిదే: మైల అంటుతుంది, పవిత్రత అంటదు. పౌలు దాన్ని తిరగేశాడు. అవిశ్వాసి అయిన భర్త భార్యవల్ల హగియోస్ అవుతాడట! 1876–78 కరువు తరవాత, 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో క్లౌ దొర మిషనులో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజుల్లో అక్కడ చేరినవారిలో ఎక్కువమంది మాదిగలు. తరతరాలుగా దూరం, దూరం అనిపించుకున్నవారిని 'పరిశుద్ధులు' అనటం ఎంత సాహసం! తమకు కాకుండా చేసిన మాటనే తమ పేరుగా పొందారు. ఆ ఒక్క కారణంచేతనే ఈ మాటను తీసెయ్యమని నేననను. కానీ ఆ పేరుకు 'మైల కడిగినవారు' అని అర్థం చెబితే, వారికి మైల ఉండేదని ఒప్పుకున్నట్టే. హగియోస్‌లో ఆ ఒప్పుకోలు లేదు.

వేరే మాట దొరకదని కాదు. యోహాను సువార్త పదిహేడో అధ్యాయంలో యేసు తననుగూర్చి ఇదే గ్రీకు క్రియను వాడితే మన అనువాదకులు 'ప్రతిష్ఠ' అన్నారు. యేసు తన్ను తాను శుద్ధిచేసుకోవటమేమిటన్న సంకోచం కాబోలు. ఆ సంకోచం ప్రభువు ప్రార్థన దగ్గర కలగలేదు. అక్కడ దేవుని నామానికి అదే క్రియ వస్తే 'పరిశుద్ధపరచ'టమనే ఉంచారు. ఆ నామానికి అంటిన మురికి ఏమిటని బడిపిల్లవాడెవడైనా అడిగితే జవాబేమిటి?