ముంపు పటం నమ్మేముందు

కొల్లేరు సరస్సు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరును ఎక్కడ తవ్వాలి, రెగ్యులేటర్ ఎక్కడ కట్టాలి అన్న చర్చల్లో కంప్యూటర్ గీసిన ముంపు పటాలు చూపిస్తుంటారు. ఇంజినీరింగ్ విద్యార్థులకు ప్రవాహ లెక్కలు చెప్పే ఉండి వాసిగా నేను అడిగేది ఒక్కటే: ఆ పటం గీసిన కోడ్ ఏ పరీక్ష నెగ్గిందో ముందు చెప్పండి.

ఇందులో తొలి పరీక్ష చాలా చిన్నది. చదరపు పెట్టె నిండా ద్రవం, ఒక పక్కకు జరిగే పైమూత, లోపల సుడి. ఊర్మిళా ఘియా, కీర్తి ఘియా, షిన్ 1982లో ఆ సుడి వేగాలను పట్టికలుగా అచ్చువేశారు. జడత్వాన్ని జిగటతో పోల్చే రేనాల్డ్స్ సంఖ్య 1,000 ఉన్నప్పుడు, నడిమి నిలువు గీత మీద ప్రవాహం వెనక్కి మళ్లే గరిష్ఠ వేగం మూత వేగంలో సుమారు 0.383 వంతు. మా విద్యార్థి ఒకరి కోడ్‌లో అది 0.3 కూడా రాలేదు. తెర మీద సుడి మాత్రం ముచ్చటగా తిరుగుతోంది! గ్రిడ్ ముతకగా ఉంది, లెక్కగట్టే పద్ధతి లేని జిగటను ద్రవానికి అంటగట్టింది. రెండూ సరిచేశాక అంకె పట్టికకు దగ్గరపడింది. బొమ్మనే నమ్ముకుంటే ఆ తప్పు దొరికేది కాదు.

వరద కోడ్‌లకు పరీక్ష ఇంకా కఠినం. 1959 డిసెంబరు 2 రాత్రి ఫ్రాన్స్‌లో మల్పాస్సే డ్యామ్ తెగి 400 మందికి పైగా చనిపోయారు. నీరు ఎక్కడిదాకా ఎక్కిందో పోలీసులు ఆనవాళ్లు కొలిచారు. ట్రాన్స్‌ఫార్మర్లు ఆగిన వేళలను బట్టి వరద ఎప్పుడు చేరిందో తెలిసింది. నేటికీ వరద కోడ్‌లు రాసేవాళ్లు వాటితో సరిచూసుకుంటారు.

కానీ కొల్లేటి తీరు వేరు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెస్తాయి. సముద్రానికి దారి ఉప్పుటేరే. పోటు మీదున్నప్పుడు అదీ లాగదు. మధ్యలో చేపల చెరువుల గట్లు. ఒక్క గట్టు ఎత్తు తప్పుగా ఇచ్చినా నీరు పక్క ఊరి మీదికి మళ్లినట్టు చూపిస్తుంది. అందుకే మన కొలతలు మనకు కావాలి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు కొల్లేటికే చేరింది. ఆ రోజుల్లో సరస్సులో, ఆకివీడు దగ్గర, ఉప్పుటేరు మొగలో నమోదైన నీటిమట్టాలను, గట్ల ఎత్తులను ప్రభుత్వం ఒకచోట చేర్చి అందరికీ ఇవ్వాలి. తాడేపల్లిగూడెం నిట్, భీమవరం, ఏలూరు కాలేజీల పిల్లలు తమ కోడ్‌లను వాటితో సరిచూసుకుంటారు. పని దక్కించుకున్న కన్సల్టెంటుకూ అదే పరీక్ష పెట్టాలి. తేడా ఎన్ని అంగుళాలో నివేదిక మొదటి పేజీలోనే వేయించాలి. లెక్క తప్పితే మునిగేది సార్వా చేలు. ఆ అంకె చూసే హక్కు రైతుకుంది.