ఆయాసం వెనుక ఉన్నది పొగేనా?

రాయపూర్‌కు ఉత్తరాన ఉన్న ఉర్లా పారిశ్రామిక వాడలో ఎవరికి ఆయాసం వచ్చినా మొదటి నేరం పొగగొట్టాల మీదనే పడుతుంది. స్పాంజ్ ఐరన్ కొలుములూ, ఉక్కు మిల్లులూ ఉన్నచోట ఆ అనుమానం అన్యాయమేమీ కాదు. కాని ఇంట్లోని వృద్ధ తండ్రికో, తల్లికో ఏళ్ళ తరబడి మధుమేహం ఉన్నప్పుడు పొగమీద నెపం పెట్టి ఊరుకోవడం ప్రమాదకరం. “వయసు మీదపడింది” అనే రెండవ నెపం మరింత ప్రమాదకరం. అలా అనుకున్నవారు పరీక్షలే చేయించరు.

మధుమేహానికీ గుండె బలహీనతకూ గల చుట్టరికం చాలాకాలంగా తెలిసినదే. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణవాసులను ఏళ్ళ తరబడి పరిశీలించిన వైద్యులు, మధుమేహం ఉన్న పురుషులలో గుండె వైఫల్యం రెండింతలకు పైగా, స్త్రీలలో ఐదింతలుగా కనిపిస్తున్నదని 1974లోనే ప్రకటించారు. గుండె రక్తాన్ని సరిగా నెట్టలేనప్పుడు నీరు ఊపిరితిత్తులలో నిలుస్తుంది. పగలు కూర్చుని కబుర్లు చెప్పిన మనిషి రాత్రి నడుం వాల్చగానే ఉక్కిరిబిక్కిరి అవుతాడు. ఒక దిండు చాలినవారికి మూడు కావలసి వస్తాయి. దిండ్ల లెక్క చిన్న విషయంగా తోచవచ్చు గాని, వైద్యుడికి చెప్పవలసిన మొదటి సంగతి అదే.

దీర్ఘకాలపు మధుమేహం నరాలను మొద్దుబారుస్తుంది. పాదంలో ముల్లు దిగినా తెలియనట్లే, గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి తెలియకపోవచ్చు. హఠాత్తుగా ఆయాసం, చల్లని చెమట, వాంతి, అంతులేని నీరసం - కొందరిలో ఇంతకు మించి సూచన ఉండదు. “నొప్పి లేదు కదా, తెల్లవారనీ” అనుకోరాదు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టక, కాళ్ళు కిందికి వేలాడేటట్లు కూర్చోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి. చక్కెర పడిపోయినా చెమటలు పడతాయి గనుక, వాహనం వచ్చేలోగా వేలికొన నుంచి చుక్క రక్తం తీసి చూడాలి. 70 కంటే తక్కువ ఉండి, రోగి స్పృహతో మింగగలిగితే గ్లూకోజు ఇవ్వవచ్చు. అంతమాత్రాన ఆసుపత్రి ప్రయాణం మానరాదు. వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు 96 చూపినా గుండెపోటు లేదని అర్థం కాదు.

మరొక రకపు శ్వాసను 1874లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మౌల్ వర్ణించాడు. రక్తంలో ఆమ్లాలు పెరిగినప్పుడు రోగి పరుగెత్తి వచ్చినవాడివలె లోతుగా, ఎడతెరిపి లేకుండా ఊపిరి తీస్తాడు. నోట మగ్గిన పండు వాసన వస్తుంది. జ్వరం వచ్చి తిండి తినలేదని సొంత నిర్ణయంతో ఇన్సులిన్ మానివేయడం దీనికి ఒక దారి. గుండెకు మేలు చేస్తాయని 2015 నుంచి పరిశోధనలలో తేలిన ‘గ్లిఫ్లోజిన్’ జాతి మాత్రలు వాడేవారికి, చక్కెర అంతగా పెరగకుండానే ఈ స్థితి రావచ్చు. అందుకే మందుల చీటీ రోగి వెంట ఉండాలి.

ఇంట్లో చేయగల పనికి బరువు తూచే యంత్రం ఒక్కటి చాలు. ప్రతి ఉదయం, ఫలహారానికి ముందు తూచాలి. రెండు మూడు రోజులలో రెండు కిలోలు పెరిగితే చేరినది నీరే. చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతుంది. “చక్కెర మానేశానుగా” అంటూ ఆవకాయ జాడీ దగ్గరకు లాక్కునే పెద్దలకు, నీటిని పట్టి ఉంచేది ఉప్పేనని నచ్చజెప్పడం అంత సులభం కాదు! మోకాళ్ళ నొప్పికి దుకాణంలో అడిగి కొనే మాత్రలు కూడా ఉప్పునూ నీటినీ నిలవబెడతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఉబ్బసానికి ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలతో చక్కెర పెరుగుతుంది; వాటిని మానకుండా, చక్కెర తరచుగా చూసుకుంటూ వైద్యుడికి తెలపాలి. రక్తహీనత కూడా ఆయాసం తెస్తుంది.

రాయపూర్‌లో గుండె పరీక్షలకు సదుపాయాలు లేకపోలేదు. టాటీబంధ్‌లో 2012 నుంచి ఎయిమ్స్ పనిచేస్తున్నది. ఉర్లా ఇళ్ళలో అసలు చిక్కు వేరు. కొడుకు రాత్రి షిఫ్టులో ఉంటాడు. తెలుగు తప్ప రాని తల్లి ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. ఆమె జబ్బులు, మందులు, మోతాదులు హిందీలో రాసిన కాగితం తలుపు లోపలివైపు అతికించి, మారు తాళంచెవి పొరుగింట ఇచ్చి, మిల్లు గేటు ఫోన్ నంబరు ఆ కాగితం మీదనే పెద్ద అంకెలలో రాయాలి.