ఓడలో నిద్రకూ ఓ లెక్కుంది!

సముద్రం మీద తేలే అంతస్తుల మేడ. ఈతకొలను, సినిమా హాలు, అర్ధరాత్రి దాకా విందులు... క్రూజ్ నౌక ఎక్కినవాళ్లకి రోజూ ఆదివారమే. వాళ్లకు వండి వడ్డించే సిబ్బందికి మాత్రం రోజూ సోమవారమే!

మరి వాళ్ల విశ్రాంతి మాటేంటి? దానికీ నిబంధనలున్నాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో ఆమోదించిన సముద్ర కార్మికుల ఒప్పందం 2013 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చింది. 2015లో మనదేశమూ అందులో చేరింది. ఇంజిన్ గదిలో పనిచేసేవాళ్లకే కాదు... వంటవాళ్లకీ, వెయిటర్లకీ, గదులు సర్దేవాళ్లకీ ఇది వర్తిస్తుంది.

నౌక ఏ దేశపు జెండాతో తిరుగుతుంటే ఆ దేశం రెండు పద్ధతుల్లో ఒకటి ఎంచుకోవాలి. మొదటిది, రోజుకి 14 గంటలు, వారానికి 72 గంటలకు మించి పని చేయించకూడదు. రెండోది, రోజుకి కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. అంటే ఈ రెండో లెక్కలో వారానికి 91 గంటలు పనిచేయించినా గీత దాటినట్టు కాదు!

అసలు మెలిక ఆ పది గంటల్లోనే ఉంది. వాటిని రెండు ముక్కలకు మించి విడగొట్టకూడదు. అందులో ఒకటి కనీసం ఆరు గంటలు ఉండాలి. ఒక వెయిటరు ఉదయం 6 నుంచి 10 దాకా, మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా, సాయంత్రం 6 నుంచి రాత్రి 11 దాకా పనిచేశాడనుకుందాం. రాత్రి ఏడు గంటలు, మధ్యాహ్నం మూడు గంటలు... సరిగ్గా పది. ఉదయం దొరికిన రెండు గంటలు మూడో ముక్క కాబట్టి లెక్కలోకి రావు. రాత్రి బల్లలు సర్దేసరికి పదకొండున్నర అయిందా... నిబంధన తప్పినట్టే. ఆ ఏడు గంటల్లోనే స్నానం, బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోను. మిగిలిందే నిద్ర.

ఇది ఒక్క వెయిటరు అలసటతో పోయేది కాదు. నౌకలో ప్రమాద గంట మోగితే ప్రయాణికులకు దారి చూపాల్సిందీ ఈ సిబ్బందే.

అందుకే ఒప్పందం ఇంకో మాటా చెబుతోంది. పని, విశ్రాంతి వేళల పట్టిక అందరికీ కనిపించేచోట ఉంచాలి. ఎవరి విశ్రాంతి గంటలు వాళ్ల పేరున రాసి, వాళ్లతో సంతకం చేయించి, ఓ ప్రతి వాళ్లకివ్వాలి. రాసిందీ, పడుకున్నదీ ఒకటేనా అని చూసుకున్నాకే సంతకం పెట్టాలి.

అబ్బాయి ఓడ నుంచి ఫోన్ చేస్తే అమ్మ మొదట అడిగేది 'తిన్నావా?' అనే. 'ఎన్ని గంటలు పడుకున్నావు?' అని కూడా అడిగితే మంచిది.