నీటి బుడగలు కాదు మహాప్రభో!

పత్రికల్లో ఆరోగ్యం పేజీలు తిరగేసే అలవాటున్న వారికి ఒక సూత్రం కంఠతా వచ్చే ఉంటుంది. పీసీఓఎస్ అంటే అండాశయాల్లో నీటి బుడగలు. బుడగలుంటే పిల్లలు పుట్టరు. ఈ సూత్రంలో రెండు అసత్యాలున్నాయి, ఒక ప్రమాదకరమైన మౌనమూ ఉంది. అసత్యాల సంగతి క్లుప్తంగా తేల్చి, ఆ మౌనంతోనే పోట్లాడదలచుకున్నాను.

మొదటి అసత్యం బుడగలు. 1935లో షికాగో వైద్యులు స్టైన్, లెవెంథాల్ ఏడుగురు స్త్రీలలో ఈ లక్షణాలను వర్ణించారు. ఉబ్బిన అండాశయాలు ప్రధానంగా కనబడ్డాయి గనుక పేరు వాటి మీదే స్థిరపడింది. నిజానికి అవి తిత్తులు కావు, ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన అండ పుటికలు. ఒక్కొక్క దానిలో పక్వం కాని అండం ఉంటుంది. 2003 నాటి రాటర్‌డామ్ ప్రమాణాల ప్రకారం స్కానులో అవి కనబడకపోయినా ఈ రుగ్మత ఉండవచ్చు. ఈ పేరు తప్పుదోవ పట్టిస్తున్నదని 2012లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ నియమించిన నిపుణుల బృందమే అన్నది. మనం మాత్రం ఆ తప్పుడు పేరును శ్రద్ధగా తెలుగు చేసి, బుడగలు కరిగాయా లేదా అని ఆడపిల్లలను స్కానింగు గదుల చుట్టూ తిప్పుతున్నాం.

రెండవ అసత్యం పిల్లలు పుట్టరన్నది. అండం విడుదల కాకపోవడమే ఇక్కడ ప్రధానమైన అడ్డంకి, దానికి మందులున్నాయి. 2014లో వెలువడిన, 750 మంది స్త్రీలపై జరిగిన అమెరికా అధ్యయనంలో లెట్రజోల్ వాడినవారిలో 27.5 శాతం మందికి, క్లోమిఫీన్ వాడినవారిలో 19.1 శాతం మందికి బిడ్డలు పుట్టారు. క్లోమిఫీన్ అండాన్ని విడుదల చేయించినా, కొందరిలో గర్భాశయపు లోపొరను పలచబరుస్తుంది. మెరుగని తేలిన లెట్రజోల్‌ను సంతాన చికిత్సలో వాడరాదని మన దేశంలో 2011లో నిషేధించి, 2017లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. నడుమ పోయిన కాలానికి జవాబుదారీ ఎవరు?

ఇక ఆ మౌనం. లోపొర అన్నాను గదా, ఆ పొర గురించి ఎవరూ మాట్లాడరు.

ప్రతి నెలా మొదటి సగంలో ఈస్ట్రోజెన్ ఆ పొరను పెంచుతుంది. అండం విడుదలయ్యాక ఖాళీ అయిన పుటిక ప్రొజెస్టిరాన్‌ను స్రవిస్తుంది. అది ఆ పెరుగుదలను ఆపి, పిండం నాటుకోవడానికి అనువుగా పొరను సిద్ధం చేస్తుంది. గర్భం నిలవకపోతే ప్రొజెస్టిరాన్ తగ్గి, పొర రాలిపోతుంది. అదే బహిష్టు. అండమే విడుదల కాకపోతే ప్రొజెస్టిరాన్ ఎక్కడిది? కళ్ళెం లేని ఈస్ట్రోజెన్ కింద పొర నెలల తరబడి పెరుగుతూనే ఉంటుంది. ఎప్పుడో ఒకనాడు నిలవలేక గట్టు తెగినట్టు స్రావమవుతుంది. ఆలస్యమైనా వచ్చింది గదా అని ఇంట్లో పెద్దలు ఊరట చెందుతారు. అది సక్రమమైన బహిష్టు కాదని చెప్పేవారుండరు.

రక్తంలో హెచ్చిన ఇన్సులిన్ దీనికి తోడవుతుంది. అండాశయాల చేత పురుష హార్మోన్లను ఎక్కువగా తయారు చేయిస్తుంది, లోపొర మీద కూడా దాని ప్రభావం ఉంటుంది. కొందరిలో ఆ పొర ప్రొజెస్టిరాన్ మాటే సరిగా వినదని పరిశోధకులు గమనించారు. అందుకే అండం విడుదలైనా కొన్నిసార్లు గర్భం నిలవడం కష్టమవుతుంది.

అంతకన్నా ముఖ్యమైనది, అలా పెరిగిన పొర కొందరిలో క్యాన్సర్‌కు దారి తీయవచ్చు. భయపెట్టడం నా ఉద్దేశం కాదు; ఆ వయసులో అది అరుదే. అయినా సాటి స్త్రీలతో పోలిస్తే వీరికి ముప్పు గణనీయంగా ఎక్కువని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నివారణ కష్టమైనదీ కాదు. 90 రోజులు దాటినా బహిష్టు రాకపోతే వైద్యుల సలహాతో ప్రొజెస్టిరాన్ తరహా మాత్రలో, తగిన గర్భనిరోధక మాత్రలో వాడి పొరను కాపాడుకోవచ్చు.

ఇంత సులువైన సంగతి ఇళ్ళకు ఎందుకు చేరడం లేదు? మన భాషలో నెల తప్పడమంటే శుభవార్త. పెళ్ళికాని పిల్లకు నెల తప్పితే అది గుట్టు. పెళ్ళయితే అన్నీ అవే సర్దుకుంటాయని పెద్దలు వాయిదా వేస్తారు. పెళ్ళయ్యాక ఏడాది తిరక్కుండానే గొడ్రాలన్న మాట సిద్ధంగా ఉంటుంది. ఆ పైన సంతాన చికిత్స. బిడ్డ పుట్టిందా, కథ కంచికి! ఆమెకు మళ్ళీ ఆరు నెలలు బహిష్టు రాకపోయినా అడిగే దిక్కుండదు. స్త్రీని క్షేత్రమన్న పెద్దలు పంట గురించే అడిగారు గాని, నేల బాగోగులు ఎన్నడైనా అడిగారా?

సామాన్యులకు అర్థం కావాలంటే బుడగలనక ఏమనాలని కొందరు మిత్రులు వాదించవచ్చు. "అండం నెలనెలా విడుదల కావడం లేదు" అంటే అర్థం కాని తెలుగువారెవరు? బుడగ అంటే కరిగించే మందు కోసం వెతుకుతారు. అండం విడుదల కావడం లేదంటే, మరి ఆ పొర సంగతేమిటని అడుగుతారు. పదం మారితే ప్రశ్న మారుతుంది. పారిభాషిక పదాల మీద మనం రాత్రింబవళ్ళు తర్కించుకుంటాం గదా, ఈ ఒక్క పదం మీదా కాస్త పట్టుబడదాం.

పిల్లలు కావాలో వద్దో ఆమె ఇష్టం. వద్దనుకున్నా ఆ పొర ఆమె ఒంటిలోనిదే, దానికి వైద్యం ఆమె హక్కే.