పేదవాని కథ ఎవరి సొత్తు?



మన సంఘాల్లో చదువుకున్న పిల్లలు కొందరు ఈ మధ్య స్వచ్ఛంద సంస్థల్లో ఉద్యోగాలకు వెళ్తున్నారు. కెమెరా పట్టుకొని ఊళ్లు తిరగడం, సాయం పొందినవారి కథలు రాయడం, వాటిని దాతలకు చేరవేయడం వారి పని. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. ఆ డబ్బు ఇచ్చేవారు లెక్కతోపాటు ఫొటో, కథ కూడా అడుగుతారు. కాబట్టి ఈ పని తెలిసినవారు అవసరమవుతున్నారు.

“అయ్యగారూ, ఇది మంచి ఉద్యోగమేనా?” అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతున్నారు. మంచిదే అంటాము. అయితే ఆ కథ దాతది కాదు, సంస్థది కాదు, దాన్ని అనుభవించిన మనిషిది అని ఎరిగి చేసేవారికే అది మంచిది.

ఇంత పట్టింపు ఎందుకంటే మనం ఆ ఫొటోలకు అవతలివైపు నిలబడినవాళ్లం. మనలో ఎంతోమంది హాస్టళ్లలో ఉండి చదివారు. ఏడాదికోసారి ఒక ఫొటో, దూరదేశపు దాతకు ఒక ఉత్తరం. ఆ సాయానికి కృతజ్ఞత ఉండవలసిందే. కాని ఆ ఫొటో ఎక్కడికి వెళ్లిందో, దాని కింద ఏమి రాశారో ఆ పిల్లలకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు కెమెరా మన బిడ్డల చేతికి వచ్చింది.

1876-78 నాటి మహా కరువును తలచుకోండి. మద్రాసులో ఉన్న విల్లబీ హూపర్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఎముకల గూళ్లయిన మనుషులను గుంపులుగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. వారికి అన్నం పెట్టకుండా ఫొటోలు తీశాడన్న విమర్శ ఆనాడే వచ్చింది. అదే కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకొని, ఆకలిగొన్నవారికి పని చూపించి కూలి ఇచ్చారు. సాయం నడుస్తున్నంతకాలం బాప్తిస్మం అడిగినవారిని ఆగమన్నారు. తిండి కోసం వచ్చారన్న మాట ఎవరిమీదా పడకూడదనే. ఆ తరువాతే 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

క్లౌ దొరగారు అన్నానికి బదులుగా బాప్తిస్మం అడగలేదు. మనం బియ్యానికి బదులుగా ముఖం అడగవచ్చునా?

కథ చెప్పకపోతే దాతలు ఇస్తారా అంటారేమో. కథ చెప్పవద్దని మేము అనడం లేదు. 1904లో కాంగోలో మిషనరీ ఆలిస్ సీలీ హారిస్ తీసిన ఒక ఫొటో ఉంది. చంపబడిన తన చిన్న కూతురి చేయి, కాలు ఎదుట పెట్టుకొని కూర్చున్న తండ్రి అందులో ఉన్నాడు. అతని పేరు న్సాలా. ఆమె తీసిన ఫొటోలను బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ సభల్లో చూపించారు. కాంగోను సొంత ఆస్తిలా ఏలిన లియోపోల్డ్ రాజు పాలన 1908లో ముగియడానికి అవి కూడా తోడ్పడ్డాయి. ఆ ఫొటో జాలిని కాదు, న్యాయాన్ని అడిగింది. అన్యాయం చేసినదెవరో చెప్పింది.

మార్కు సువార్త 5వ అధ్యాయం మరోసారి చదవండి. దయ్యములు విడిచిన మనుష్యుని యేసు ఇంటికి పంపి, తన కథ తానే చెప్పుకోమన్నాడు. రక్తస్రావము గల స్త్రీ తన సంగతంతా తన నోటితోనే చెప్పింది. యాయీరు కుమార్తె మాత్రం పన్నెండేండ్ల పిల్ల. ఆమె సంగతి ఎవరికీ తెలియనివ్వవద్దని ఆజ్ఞాపించి, ఆమెకు తినడానికి ఏమైనా పెట్టమన్నాడు. పెద్దవారి కథ వారి నోట రావాలి. పసిపిల్లను దాచాలి, ముందు అన్నం పెట్టాలి. ఈ ఉద్యోగానికి ఇంతకంటే మంచి నియమావళి మాకు కనబడలేదు.

మన దేశపు చట్టం కూడా ఇదే దారిలో ఉంది. రక్షణ అవసరమైన పిల్లల పేరు, ముఖం, బడి బయటపెట్టకూడదని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. హెచ్ఐవీ ఉన్నవారి సంగతి వారి సమ్మతి లేకుండా చెప్పకూడదని 2017 చట్టం చెబుతుంది.

కాబట్టి ఈ పనిలోకి వెళ్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇంటర్వ్యూలో జీతం అడిగినట్టే ఇదీ అడగండి: “పిల్లల ఫొటోల విషయంలో మీ సంస్థకు రాసిపెట్టిన నియమం ఉందా?” ఊరికి వెళ్లినప్పుడు ఫొటో ఎక్కడ వేస్తారో, ఎవరెవరు చూస్తారో ఇంటిభాషలో చెప్పండి. వద్దన్నా సాయం ఆగదని ముందే చెప్పండి. అర్థం కాని కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే అది సమ్మతి కాదు. మీరు రాసింది వారికి చదివి వినిపించండి. లేని కన్నీళ్లు చేర్చకండి. వారు విని తలవంచుకొనే మాట ఏదైనా ఉంటే, దాత ఎంత పెద్దవాడైనా సరే, దాన్ని కొట్టివేయండి. దానివల్ల ఒక ప్రమోషన్ పోవచ్చు. పోనివ్వండి.

ఈ మాట సంఘాలకూ చెందుతుంది. క్రిస్మస్‌కు విధవరాండ్రను వరుసగా నిలబెట్టి, చీర చేతిలో పెట్టి, అవతలి కొస మనం పట్టుకొని ఫొటో తీయించుకొనే అలవాటు చాలాచోట్ల ఉంది. ధర్మం చేసేటప్పుడు బూర ఊదించుకోవద్దన్నాడు ప్రభువు. ఈనాటి బూర మన జేబులోనే ఉంది. ఈ డిసెంబరులో చీరలు ఇద్దాం. ఫోను మాత్రం జేబులోనే ఉంచుదాం.

పేదవాని ఘనతను కాపాడే కృప ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.