ఆకసమునుండి మన చెరువు

పెరియకుళమనగా పెద్ద చెరువు. చెరువు పేరనే వెలసిన ఊరిలో తరతరములుగ నివసించుచున్న మనము చెరువుల మంచిచెడ్డలను విచారింపక ఊరకుండుట తగదు. వరాహనదిలో నీరు పారి, చెరువులు నిండిననే మామిడితోటలకు బలము. తోటలకు బలమున్ననే మావంటి వర్తకుల అంగళ్లకు బలము.

అయితే ఏ చెరువు ఎంత కుదించుకొనిపోయినదని అడిగిన, ఒక్కొక్క పెద్ద ఒక్కొక్క హద్దును చూపును. చివరకు వాదములే మిగులును. వీనిని తీర్చగల సాక్షి నేడు ఆకసమున తిరుగుచున్నది. అమెరికావారు 1972లో తొలి లాండ్‌శాట్ ఉపగ్రహమును పంపిరి. మన దేశపు ఐ.ఆర్.ఎస్.-1ఎ 1988 మార్చి 17న సోవియట్ భూమినుండి పైకెగసెను. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమువారి ‘భువన్’ పటములను నేడు ఎవరైనను ఇంటనుండియే చూడవచ్చును. యూరపువారి సెంటినెల్-2 ఉపగ్రహములు సుమారు అయిదు దినముల కొకమారు మన ఊరిమీదుగ పోవుచున్నవి.

ఇందలి కిటుకు సులభమైనదే. పచ్చని ఆకు కంటికి కనబడని పరారుణ కాంతిని మిక్కుటముగ వెనుకకు పంపును. నీరు దానిని మ్రింగివేయును. కావున ఆ కాంతితో తీసిన చిత్రమున పైరు మెరయును, నీరు నల్లగ నుండును. ఏటేటి చిత్రములను ప్రక్కప్రక్కన నుంచిన, నీటి అంచు ఎంత వెనుకకు జరిగినదో తెలియును.

ఈ సాక్షికిని లోపములు గలవు. గుర్రపుడెక్క కప్పిన చెరువు దానికి చేనువలె కనబడును. ఐప్పసి, కార్తీక మాసములలో చెరువులు నిండువేళనే మబ్బులు అడ్డుపడును. సెంటినెల్ చిత్రములో మిక్కిలి చిన్న గడియైనను పది మీటర్ల చదరము. రెండు గజములు ఆక్రమించినవాడు అందు దొరకడు. చెరువు వానలేమిచే ఎండినదో, కాలువ పూడుటచే ఎండినదో చిత్రము చెప్పదు.

కావున కళాశాలలలో చదువుచున్న మన యువకులకు ఒక మనవి. ఏటేటను ఒకే మాసమునందలి చిత్రములను సేకరింపుడు. ఆయా ఏండ్ల వానలెక్కతోను, రెవిన్యూ గ్రామపటముతోను సరిచూడుడు. పిమ్మట పెద్దలను వెంటబెట్టుకొని గట్టు వెంబడి నడువుడు. తేలిన విషయమును తమిళమున వ్రాసి తేనిలోని కలెక్టరుగారికి సమర్పింతము. తెలుగున వ్రాసి మన సభలో చదువుదము.

ఆ చిత్రమున మనవారి తోటయే చెరువులోనికి జరిగినట్లు కనబడవచ్చును. దానిని దాచినచో, ఇతరుల ఆక్రమణను ప్రశ్నించు అధికారము మనకుండదు. ముందు మన కంచెను వెనుకకు జరుపుకొందము. ఆ పిమ్మటనే ఊరివారిని అడుగుదము.